తలపుర్రె అడుగున దారి

ఉప్పల్ కూడలి దాటి నారపల్లి వైపు పైవంతెనకు స్తంభములు లేపుచున్న దినములలో ఆ దారిని రాకపోకలు సాగించినవారు ఒక సంగతి గమనించియే యుందురు. స్తంభమునకై గొయ్యి త్రవ్వుటకు ముందు ఆ తావున మంచినీటి గొట్టము ఎక్కడ నున్నదో, విద్యుత్తు తీగ ఏ లోతున పోవుచున్నదో, మురుగు కాలువ ఎటు మళ్ళినదో తెలిసికొనవలెను. వానిని గుర్తించి, కొన్నింటిని ప్రక్కకు జరిపి, కొన్నింటిని అట్లే నిలిపి, అటు పిమ్మటనే రాతిని తొలుతురు. రాయి తొలుచుట కష్టమే. కాని గొట్టము పగులకుండ తొలుచుట అంతకన్న కష్టము.

మేము చేయు పని ఇంచుమించుగా అట్టిదే. మేము తొలుచు రాయి మనిషి చెవి వెనుక నున్నది.

తలపుర్రె అనగానే పైనున్న గుండ్రని డిప్ప మాత్రమే మన మనసునకు తోచును. ఆ డిప్ప సామాన్యమైన కట్టడము. దానిని పలక వలె కోసి తీసి, పని ముగిసిన పిదప మరల అమర్చవచ్చును. వైద్యుని బుద్ధికి అసలు పరీక్ష ఆ డిప్పలో లేదు. మెదడు కూర్చున్న పీటలో నున్నది. ఆ పీట సమతలము కాదు. ముందు నుండి వెనుకకు మూడు మెట్లుగా దిగును. కండ్లకు పైనున్నది మొదటి మెట్టు. కణతలకు లోపల నున్నది రెండవది. మెడకు పైన, అన్నింటికన్న లోతుగా నున్నది మూడవది. ఈ మెట్ల నడుమ గబ్బిలము రెక్కలు చాచినట్లున్న ఎముక యొకటి కలదు. దానిని జతూకాస్థి యందురు. జతూక మనగా గబ్బిలమే. దాని వెనుక ఇరుప్రక్కల శంఖాస్థులు కలవు. చెవి అమరియున్నది ఈ శంఖాస్థియందే.

ఈ పీట నిండ రంధ్రములు. మెదడు నుండి వెలువడు 12 జతల నాడులలో చూపునకు, కనుగుడ్ల కదలికకు, ముఖస్పర్శకు, నవ్వుకు, వినికిడికి, మ్రింగుటకు, మాటకు, నాలుక కదలికకు సంబంధించిన నాడులు ఈ రంధ్రముల గుండ పోవును. మెదడునకు రక్తము కొనిపోవు పెద్ద ధమని శంఖాస్థిలో ఒక సొరంగము గుండ వంపులు తిరిగి పైకెక్కును. మెదడు నుండి రక్తమును దింపు పెద్ద సిర చెవి వెనుక ఎముకలో గాడి చేసికొని దిగును. ముఖమును కదిలించు నాడి యొక్క ప్రయాణము మరియు విచిత్రము. అది సుమారు 3 సెంటీమీటర్ల దూరము ఎముక లోపలనే, రెండు మలుపులు తిరిగి పోవును. మానవ శరీరమున మరి యే నాడియు ఎముక గొట్టములో ఇంత దూరము నడువదు. మన చిరునవ్వు ఆ సన్నని గొట్టము గుండ వచ్చుచున్నదని తెలిసిన నాటి నుండి అద్దము చూచుకొనునప్పుడు మాకు కొంత భయమే.

మన ప్రాచీనులకు ఈ ప్రదేశపు ప్రమాదము తెలియును. సుశ్రుతుడు మర్మములను చెప్పుచు కణతల యొద్దనున్న శంఖమర్మములను తక్షణ ప్రాణహరములలో చేర్చెను. చెవి వెనుక క్రింది భాగమున విధురమను మర్మమును పేర్కొని, అచ్చట దెబ్బ తగిలినచో చెవుడు కలుగునని చెప్పెను. కణత యొద్ద ఎముక పలుచన. దానికి లోపల మెదడు పొరకు రక్తమిచ్చు ధమని ప్రాకుచుండును. దెబ్బ తగిలి అది తెగినచో రక్తము గూడుకట్టి మెదడును అణచివేయును. ఇది నేడు ఏ పెద్ద ఆసుపత్రిలోనైనను రాత్రివేళ తరచుగా వినవచ్చు కథయే.

ఇక అసలు చిక్కు చెప్పెదము. మెదడు అడుగున ఒక గడ్డ పుట్టినది. పై నుండి డిప్ప తెరచి దానిని చేరవలెనన్నచో నడుమ మెదడు అడ్డము. మెదడును రేకుతో ప్రక్కకు నెట్టి పట్టుకొని లోపలికి చూచుట పూర్వపు పద్ధతి. కాని మెదడు వెన్నవంటిది. కొంతసేపు నెట్టి పట్టినచో నలిగి వాచును. అందుచేత వైద్యులు క్రమముగా తలక్రిందుగా ఆలోచింప మొదలిడిరి. మెదడును కదలింపవద్దు, ఎముకనే తీసివేయుదము. పీటను అంచు నుండి చెక్కివేసినచో మెదడు తన చోటనే కూర్చుండియుండగా దాని క్రిందుగా చూడవచ్చును. కపాలతల శస్త్రవైద్యమున తక్కిన నేర్పులన్నియు ఈ ఒక్క ఆలోచన నుండియే పుట్టినవి.

కాని అంతకుముందు ఎముక చెక్కు విద్య నేర్వవలెను గదా. అది నేర్చినది మెదడు వైద్యులు కారు, చెవి వైద్యులు. ఆ నేర్పునకు చాలమంది ప్రాణములతో వెల చెల్లించిరి. 18వ శతాబ్దిలోనే పారిసు నగరమున పెటీ అను శస్త్రవైద్యుడు చెవి వెనుక చీము పట్టిన ఎముకను తెరచెను. ఆ పిదప కొందరు చీము లేకున్నను, కేవలము చెవుడు పోవుననియు హోరు తగ్గుననియు అదే పని చేయసాగిరి. 1791లో డెన్మార్కు రాజుగారి వైద్యుడు బెర్గర్ తన చెవి హోరునకు ఈ చికిత్స చేయించుకొని మెదడు పొరల వాపుతో మరణించెను. రాజవైద్యుడే పోయిన పిమ్మట దానిని ముట్టుకొనువా రెవరు? ఇంచుమించు 80 ఏండ్లు ఆ శస్త్రచికిత్సకు అపకీర్తి తొలగలేదు. 1873లో జర్మనీయుడు ష్వార్ట్జె తన శిష్యునితో కూడి, ఎప్పుడు తెరవవలెనో ఎట్లు తెరవవలెనో శాస్త్రీయముగా వ్రాసిన తరువాతనే దానికి మరల మన్నన కలిగెను. ఆయన పనిముట్టు ఉలి, సుత్తి. చెవి వెనుక ఉలి పెట్టి సుత్తితో కొట్టుట! ఈనాడు తలచుకొన్నను మాకు చేయి వణకును.

ఉలి స్థానమును బరమా ఆక్రమించుటకు పండ్ల వైద్యులు కారణము. 1938లో చెవుడునకు ఒక క్రొత్త శస్త్రచికిత్సను ప్రకటించిన న్యూయార్కు వైద్యుడు లెంపర్టు దంతవైద్యుల బరమాను వాడెను. స్వీడను దేశస్థుడు నైలెన్ 1921లోనే సూక్ష్మదర్శినిని శస్త్రచికిత్సాగారములోనికి తెచ్చియుండెను. మరుసటి సంవత్సరము హోల్మ్‌గ్రెన్ రెండు కండ్లతో చూడదగిన దానిని వాడెను. 1953లో జర్మనీలోని జైస్ సంస్థ ఇందుకై ప్రత్యేకముగా నొక సూక్ష్మదర్శినిని తయారుచేసెను. ఈ రెండును, అనగా బరమాయు సూక్ష్మదర్శినియు, ఒకే చేతికి వచ్చుటతో దారి తెరచుకొనెను. లాస్ ఏంజిలిసు నగరమున విలియం హౌస్ అను వైద్యుడు మొదట దంతవైద్యము చదివినవాడే. 1961 మొదలుకొని ఆయన చెవి ఎముకను చెక్కుకొనుచు పోయి వినికిడి నాడిపై పుట్టు గడ్డను చేరసాగెను. అంతకు పూర్వము ఆ గడ్డకు శస్త్రచికిత్స జరిగిన వారిలో ఒకప్పుడు అధికసంఖ్యాకులు మరణించుచుండిరి. బోస్టను నగరపు కుషింగ్ 1917 నాటికే ఆ మరణములను చాలవరకు తగ్గించెను గాని, ముఖనాడిని తరచుగా కాపాడుట మాత్రము సూక్ష్మదర్శిని వచ్చిన పిదపనే సాధ్యమయ్యెను.

ఎముక చెక్కు తీరు ఎట్లుండునో కొంచెము వివరముగా చెప్పుట మాకు ఇష్టము. వినువారికి విసుగు కలుగదని మా ఆశ.

చెవి వెనుక చేయి పెట్టి చూడుడు. ఒక బొడిపె తగులును. అది పైకి గట్టిగా నున్నను లోపల తేనెపట్టు వలె గదులు గదులుగా నుండును. పుట్టిన బిడ్డకు ఈ బొడిపె యుండదు. ఏడాది రెండేండ్లకు గాని అది పెరుగదు. అందుచేత శిశువునకు ముఖనాడి చర్మము క్రిందనే యుండును, పెద్దవారికి కత్తి పెట్టు చోటున పసివారికి పెట్టరాదు. బొడిపె పైభాగమున, చెవి రంధ్రమునకు వెనుకగా ఒక చిన్న ముక్కోణపు తావు కలదు. గ్లాస్గో నగరపు మాక్యూవెన్ పేర దానిని వ్యవహరింతురు. అచ్చట తొలిచినచో పెద్దవారిలో సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోతున చెవి లోపలి గది తగులును. అంతకు మించి లోతు పోయినను ఆ గది తగులలేదన్నచో దారి తప్పినట్లే. ఆగి మరల కొలుచుకొనవలెను.

మొదట పెద్ద మొన వాడవలెను. క్రొత్తగా నేర్చుకొను వైద్యులు ఇచ్చటనే పొరపడుదురు. చిన్న మొన అపాయము లేనిదని వారి భ్రమ. చిన్న మొన సూది వలె ఒక్కచోట దిగబడును. పెద్దది చదునుగా గీరును. గొయ్యి ఇరుకుగా లోతుగా నుండరాదు, పళ్ళెము వలె అంచులు విశాలముగా నుండవలెను. బావి త్రవ్వువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బరమా తిరుగుచున్నంతసేపు ఉప్పునీరు ధారగా పడుచుండవలెను. నీరు ఆగినచో ఎముక కాలును. ఆ వేడి గొట్టములోని నాడికి సోకును. నాడి తెగకపోయినను ఉడికిపోవచ్చును. నాడి దగ్గరకు వచ్చిన పిదప కోయు మొనను మార్చి వజ్రపు రజను పొదిగిన మొనను తీసికొందుము. అది కోయదు, అరుగదీయును. నాడి పోవు దిక్కుననే మొనను నడుపవలెను గాని అడ్డముగా నడుపరాదు. చివరకు గ్రుడ్డు పెంకంత పలుచని పొరను మిగిల్చి, దానిని బరమాతో గాక సన్నని పనిముట్టుతో లేవనెత్తుదుము.

రంగులు కూడ త్రోవ చూపును. పెద్ద సిర దగ్గరపడినచో ఎముక లోనుండి నీలిమ తోచును. మెదడు పొర దగ్గరపడినచో గులాబి ఛాయ వచ్చును. వినికిడి గుల్ల చుట్టునున్న ఎముక దంతపు వన్నెతో నిగనిగలాడును. రేడియో వినువారికి విశేషముగా చెప్పదగినది మరొకటి కలదు. ఎముక మందముగా నున్నంతవరకు బరమా శబ్దము ఒక తీరున నుండును. మెదడు పైకప్పుగా నున్న పలుచని రేకు దగ్గరపడగానే ఆ శబ్దము మారును. స్వరము కొంచెము హెచ్చును. కన్ను చూడకముందే చెవి హెచ్చరించును. చెవికి చికిత్స చేయు వైద్యుడు తన చెవినే నమ్ముకొని పనిచేయు క్షణములవి.

కొన్నేండ్ల క్రిందట 11 ఏండ్ల బాలికను తల్లి మా యొద్దకు తీసికొని వచ్చెను. తండ్రి నాచారము కర్మాగారములలో పనివాడు. పిల్ల ఎడమచెవి నాలుగేండ్లుగా కారుచున్నది. అందరి యిండ్లలో జరుగునదే ఆ యింటను జరిగెను. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసిరి. ఆకుపసరు పిండిరి. పెద్దదైనచో తానే పోవునని చుట్టములు చెప్పిరి. మేమును నిర్దోషులము కాము. అంతకు రెండేండ్ల ముందు ఆ తల్లి ఒకసారి మా యొద్దకే వచ్చియుండెను. ఆనాడు రద్దీలో చెవిని పైపైన చూచి, చుక్కల మందు వ్రాసి మూడు వారములు వాడుమని పంపితిమి. కర్ణభేరి పైకొసను చిన్న పొలుసు యున్నది. దానిని తీసి లోపల చూడవలసినది. చూడలేదు. దుర్వాసన యున్నదా యని తల్లిని అడుగవలసినది. అడుగలేదు.

చెవి కారుటలో రెండు తీరులు కలవు. కర్ణభేరి నడుమ చిల్లి పడి, జలుబు చేసినప్పుడెల్ల నీరు వలె కారునది ఒకటి. అది చిరాకు కలిగించును గాని తరచుగా ప్రాణముల మీదికి రాదు. రెండవది కొద్దిగనే కారును, కాని కుళ్ళు వాసన వేయును. అచ్చట కర్ణభేరి పైమూల నుండి చర్మము లోపలికి ముడుచుకొనిపోయి, పొలుసులు పోగుపడి సంచియై పెరుగును. ఆ సంచి ఎముకను తినును. దానికి మందు లేదు, తీసివేయుటయే మార్గము. కొద్దిగా కారునది పెద్ద రోగమనియు, ధారగా కారునది చిన్న రోగమనియు చెప్పినచో జనులు నమ్మరు.

ఈసారి పిల్ల తలనొప్పితో, జ్వరముతో వచ్చెను. చిత్రములు తీయించి చూడగా చెవి పైకప్పు రేకు కొంతమేర కనబడలేదు. చికిత్స చేయవలెనని చెప్పగానే ఆ తల్లి అడిగిన మాట ఒక్కటే: “సారూ, పిల్ల మూతి వంకర పోదు గద? ఆడపిల్ల.” ప్రాణమును గురించి కాదు, వినికిడిని గురించి కాదు, మూతిని గురించి. ఆ ప్రశ్నను చిన్నచూపు చూడరాదు. “అమ్మా, పోదని ప్రమాణము చేయలేము. ఆలస్యము చేసినచో రోగమే ఆ నాడిని తినును. మా చేతిలో నున్నంతవరకు కాపాడుదుము” అంటిమి. ఆమె చాలసేపు ఊరకుండి వ్రేలిముద్ర వేసెను.

తెరచి చూడగా మూడు చిన్న ఎముకలలో దాగలి లేదు, సంచి తినివేసినది. ముఖనాడిపై నుండవలసిన ఎముక గొట్టము బియ్యపుగింజ పొడవున కరగిపోయి నాడి బయటపడియున్నది. పైకప్పు ఊడి మెదడు పొర ఎర్రగా పుండు పట్టియున్నది. ఇంకొక నెల గడచినచో మెదడులోనికి చీము దిగెడిదేమో. నాడి మీది సంచి పొరను తీయుటకు మాకు ఒక గంట పట్టెను. గోడను దించి గదులన్నింటిని ఒక్కటి చేసి, రోగము మరల దాగుకొనుటకు మూల లేకుండ చేసితిమి. మెలకువ వచ్చిన పిదప పిల్లను కండ్లు గట్టిగా మూయుమంటిమి, పండ్లు చూపుమంటిమి. రెండు ప్రక్కలును సమముగా కదలినవి. వినికిడి మాత్రము ఆ చెవికి చాల తక్కువయే.

చెవి దాటి లోతునకు పోవు దారులు ఇంకను కలవు. పీట నడుమ జీను ఆకారపు గుంటలో పీయూషగ్రంథి కూర్చుండును. దానిపై గడ్డ పుట్టినచో చూపు మందగించును. ముక్కు గుండ పోయి గుంట అడుగు ఎముకను తీసి ఆ గడ్డను చేరవచ్చునని 1907లో ఆస్ట్రియా దేశమున ష్లోఫర్ చూపెను. నేడు ఆ పని సన్నని దుర్బిణితో జరుగుచున్నది. కంటినాడి ప్రక్కన మంచపు కోడు వలె లేచియున్న చిన్న ఎముకను మెదడు పొరకు వెలుపలి నుండియే తీసి, ఉబ్బిన ధమనిని చేరు పద్ధతిని 1985లో యుగోస్లావియాకు చెందిన డోలెంచ్ వివరించెను. అదే సంవత్సరము జపానువాడు కవాసె శంఖాస్థి కొనను, ధమనికిని వినికిడి గుల్లకును నడుమనున్న కొద్దిపాటి తావున మాత్రమే చెక్కి, మెదడు కాండము ముందుకు దారి తీసెను. తెరచిన దారిని మూయుట కూడ పెద్ద విద్యయే. మెదడు నీరు కారకుండ తొడ పొరనో పొట్ట కొవ్వునో తెచ్చి పూడ్చుదురు.

పుట్టు చెవుడు గల పిల్లలకు అమర్చు వినికిడి యంత్రమునకును ఈ ఎముక విద్యయే ఆధారము. ముఖనాడికిని రుచినాడికిని నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు కలదు. దానిని తెరచి, నత్తగుల్ల వంటి భాగములోనికి సన్నని తీగను పంపుదురు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద బీద పిల్లలకు సైతము ఈ చికిత్స జరిగినది. ఎంత చిన్న వయసున చేసిన అంత మంచిది. భాష నేర్చు వయసు దాటిన పిదప యంత్రము శబ్దమునే ఇచ్చును గాని మాటను ఇయ్యజాలదు. మేనరికములు చేసికొను కుటుంబములలో బిడ్డ చప్పుడునకు ఉలికిపడుట లేదని తోచినచో మాటల కొరకు వేచియుండరాదు.

ఇంత చెప్పి, ఉప్పల్ రోడ్డుననే యున్న ఒక వింత చెప్పకుండ యుండలేము. హబ్సిగూడలో సెల్యులర్, మాలిక్యులర్ బయాలజీ కేంద్రము కలదు. 1977లో ఆరంభమైన సంస్థ యది. హరియాణాలోని రాఖీగఢీ శ్మశానమున దొరకిన సింధునాగరకత కాలపు ఎముకలను ఇచ్చటి శుభ్రమైన గదులలో పొడిచేసి డి.ఎన్.ఏ. తీయ ప్రయత్నించిరి. 61 నమూనాలలో ఒక్కటి మాత్రమే పని కొచ్చెను. ఆ ఫలితము 2019లో ప్రకటితమయ్యెను. ఇట్టి పరిశోధకులు ప్రపంచమంతట మొదట వెదకు ఎముక శంఖాస్థిలోని రాతిభాగమే. వినికిడి గుల్లను చుట్టియున్న ఆ ఎముక శరీరమున మిక్కిలి దట్టమైనది. ఎండ వానలకు తక్కినవన్నియు పాడైనను దానిలో డి.ఎన్.ఏ. కొంత నిలిచియుండును. మా బరమాలను అరుగదీయు కాఠిన్యమే వారికి పెన్నిధి.

ఈ విద్యను రోగిపై నేర్వరాదు. నేర్చుకొనువాడు మృతదేహముల నుండి తీసిన శంఖాస్థులను బిగించి, సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగా చెక్కి, ముఖనాడిని మొదటి నుండి చివర వరకు తెగకుండ బయటపెట్టగలిగిన పిమ్మటనే రోగి యొద్దకు రావలెను. ఏ రెండు ఎముకలును ఒక్క తీరున నుండవు. ఒకనిలో సిర ముందునకు వచ్చియుండును, ఇంకొకనిలో మెదడు పొర క్రిందికి వ్రేలాడును. యంత్రములు పోతపోసిన నకిలీ ఎముకలు నేడు వచ్చుచున్నవి. అభ్యాసమునకు కొంత పనికి వచ్చును గాని మొన క్రింద నిజమైన ఎముక పలుకు తీరు వానికి రాదు. కనుక ఎముకలు కావలెను. అవి దేహదానము చేసినవారి నుండి వచ్చును. వైద్య కళాశాలలోని శరీరశాస్త్ర శాఖలో వ్రాతపూర్వకముగా అంగీకారము తెలుపవచ్చును. కాని మరణానంతరము దేహమును అప్పగించవలసినవారు ఇంటివారే గనుక, ఆ సంగతి వారికి ముందుగనే చెప్పియుంచవలెను. చెప్పనిచో కాగితము పెట్టెలోనే యుండిపోవును.

నాచారము బాలికకు ఇప్పుడును ఏడాదికొకసారి చెవిని శుభ్రము చేయుదుము. గోడ దించిన చెవికి ఆ పని తప్పదు. తలంటు పోసికొనునాడు వాసెలిను రాచిన దూదిని చెవిలో పెట్టుకొనవలెనని చెప్పితిమి. ఆమె మరువదు, తల్లియే మరచును. బడిలో ఎడమ కొసను గోడ ప్రక్కన కూర్చుండునట. మంచి చెవి పంతులుగారి వైపు ఉండుటకు ఆ చోటు తానే ఎంచుకొన్నదని చెప్పెను.